ఆరో మలుపులో సున్నం

పొద్దున్నుంచీ వాన.

కోలార్ దగ్గర వేమగల్ అవతల కార్ల పందేల ట్రాక్ ఒకటి ఉంది. అందులో ఆరో మలుపు దగ్గర జెండా పట్టుకుని నిలబడడం నా పని. ముందు ప్రమాదముంటే పసుపు జెండా. రోడ్డు జారుతుంటే పసుపు, ఎరుపు చారల జెండా. దీనికి చదువు అక్కరలేదు, కళ్ళు చాలు. నాకు మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చెప్పారు. అదే ఎక్కువ.

అంతకుముందు పట్టుపురుగులు పెంచేవాణ్ణి. నా భార్య వెంకటలక్ష్మమ్మ పోయాక మానేశాను. పురుగుల పని ఒక్కడి వల్ల కాదు. ఒకరు తోటలో ఆకు కోస్తుంటే ఒకరు ఇంట్లో మేపాలి. తట్టలన్నీ కడిగి గోడకు ఆనించాను. ఇంట్లో కూర్చుంటే ఆ తట్టలు చూడాలి. ఇక్కడైతే కార్లు చూస్తాను. మాట్లాడనక్కరలేదు. ఆ రొదలో ఎవరూ మాట్లాడరు.

ఆ శనివారం ప్రాక్టీసుకు పధ్నాలుగు కార్లు వచ్చాయి. ఆదివారం పందెంలో పదింటికే చోటు. మామూలుగా ప్రాక్టీసు వేరు, చోట్లు తేల్చే పరుగు వేరు. కానీ మధ్యాహ్నం నుంచి ఇంకా పెద్ద వాన ఉందని, పొద్దుటి ప్రాక్టీసులో ఎవరు ఎంత వేగంగా ఒక చుట్టు తిరిగితే దాన్ని బట్టే చోట్లు అన్నారు. మొదటి పది కార్లు ఉంటాయి. మిగతా నాలుగూ లారీ ఎక్కి ఇంటికి పోతాయి.

ఆ పధ్నాలుగింట్లో ఒకటి కేజీఎఫ్ వాళ్ళది. ఆండర్సన్‌పేటలో పురుషోత్తమ్ అని షెడ్డు పెట్టుకున్న మనిషి. వాళ్ళ నాయన బంగారు గనిలో దిగినవాడు. పురుషోత్తమ్ కూతురు చైత్ర కారు నడుపుతుంది. ఆ కారుకు పని చేసే మెకానిక్ శశికుమార్. వాడు నా కొడుకు.

రెండేళ్ళుగా వాడితో నేను మాట్లాడలేదు.

వాళ్ళమ్మ జ్వరం ముదిరి కోలార్ ఆస్పత్రిలో పడుకున్నప్పుడు "శశి యాడ?" అని అడుగుతూనే ఉంది. శశి కోయంబత్తూరులో పందెంలో ఉన్నాడు. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. కారు ట్రాక్ మీద ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఫోన్లు తీయరట. ఆమె పోయింది. మట్టి చేశాం. కొడుకు నడవాల్సిన చోట మా తమ్ముడి కొడుకు నడిచాడు. మా వైపు మూడో నాడు సమాధి మీద పాలూ నెయ్యీ పోస్తారు. ఆ నాటికి దిగాడు వీడు. చెంబు కోసం చెయ్యి చాచాడు. గోళ్ళ కింద నల్లగా గ్రీజు.

"ఆ చేత్తో బండికి నూనె పోసుకో పో" అన్నాను. చెంబు ఇవ్వలేదు. ఊరంతా చూస్తూ ఉంది. వాడు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే పోయాడు.

నేను అన్నది సరైన మాటే. ఇవాళ అడిగినా అదే అంటాను.

ఆరో మలుపులో నాతో పాటు ఓబలప్ప ఉంటాడు. మునుపు పాల డెయిరీలో పాలు కొలిచేవాడు. నోరు ఊరుకోదు.

"ఏమప్పా నంజుండప్పా, కొడుకు వచ్చినాడంట కదా. పోయి పలకరించలేదా?"

"నువ్వు పో. నీకు పనేముంది."

"నేను పోతే ఏమొస్తాది? ఒక టీ అయినా ఇప్పిస్తాడా నీ కొడుకు? నీ మాదిరే గట్టోడు అయ్యుంటాడు."

అంతలో కార్లు వదిలారు.

ఎండలో అన్ని కార్లూ ఒకటే మాదిరి పోతాయి. వానలో దేని బుద్ధి దానికి బయటపడుతుంది. బెంగళూరు వాళ్ళ నీలం కార్లు మూడు. ఇంజనులో బలం ఉంది. తిన్నని దారిలో వాటిని అందుకునేది లేదు. మలుపుకొచ్చేసరికి ఆ బలమే వాటికి చేటు. కాలు కాస్త ఆనిస్తే చాలు, వెనక చక్రాలు ఉత్తినే తిరిగి తోక పక్కకు పోతుంది. నడిపేవాడు స్టీరింగుతో కుస్తీ పట్టాల్సిందే. చెన్నై వాళ్ళ ఎర్ర కార్లు రెండు. అవి నెమ్మది. నీళ్ళు చిమ్మే లోతు గీతల టైర్లు వేసుకొచ్చాయి, తోక జారలేదు. కానీ ఎండలో అందరూ పోయే దారినే పట్టుకుని పోయాయి. ఆ దారిలో పాత టైర్ల రబ్బరు అంటుకుని ఉంటుంది. ఎండలో అది పట్టు ఇస్తుంది. వానలో అదే సబ్బు. ఎర్ర కార్లు మలుపు మలుపుకూ భయపడుతూ పోయాయి.

కేజీఎఫ్ కారు రాలేదు. వాకీటాకీలో వినబడింది. ఇరవై ఏడో నంబరు కారు స్టార్ట్ కావడం లేదు, వైర్లలోకి నీళ్ళు దిగాయి అని. బాగైంది అనుకున్నాను. ఆ మాట అనుకోలేదని అబద్ధం చెప్పను.

నడుమ వాన కాస్త తెరిపి ఇచ్చింది. నీలం కార్ల వాళ్ళకు తొందర. రోడ్డు ఆరుతోందని ఒక కారుకు గీతలు లేని ఎండ టైర్లు వేసి పంపారు. అది ఆరో మలుపుకు వచ్చి, బొంగరంలా తిరిగి, అంచు దిమ్మెకు అడుగు తగిలి ఆగింది. నేను పసుపు జెండా ఊపాను. ఆ పిల్లవాడు మళ్ళీ స్టార్ట్ చేసుకుని పోయాడు. కారు ఆగిన చోట నూనె మరక మిగిలింది, మంచమంత వెడల్పు.

వాకీటాకీలో గిరీశ్ గొంతు. జెండాల వాళ్ళందరికీ పెద్ద అతను. బెంగళూరు మనిషి. "ఆరో మలుపు, నూనె మీద పొడి వెయ్యండి. బేగ, బేగ."

నూనె పీల్చే పొడి ప్రతి మలుపు దగ్గరా డ్రమ్ములో ఉంటుంది. మా డ్రమ్ము చూస్తే మూత లేదు. రాత్రి వానకు పొడి తడిసి రాయి అయి కూర్చుంది.

"మూత ఎవరు తీసింది?"

"నిన్న దాని మీద కూర్చుని అన్నం తిన్నెను కదా," అన్నాడు ఓబలప్ప. "వంకరగా ఉండాదని మూత తీసి బోర్లా ఏసుకుంటిని. మర్చిపోయినా."

ఇద్దరం తవ్వి చూశాం. రాలేదు. పక్కనే మా గుడిసెలో సున్నం మూట ఉంది, జనం బండ్లు నిలిపే చోట గీతలు గీయడానికి తెచ్చింది.

వానాకాలంలో పురుగుల తట్టలు చెమ్మగిల్లితే సున్నం చల్లుతాం. పలచటి గుడ్డలో మూట కట్టి తట్టల మీద తడుతూ పోవాలి. సన్నగా రాలుతుంది. చెమ్మ లాగేసుకుంటుంది, పురుగుకు రోగం రాదు. మా ఇంట్లో ఆ పని వెంకటలక్ష్మమ్మది. నేను పక్కన నిలబడి దీపం చూపించేవాణ్ణి. ఆ రోజు ఆలోచన లేదు. నా తువ్వాలులో సున్నం మూట కట్టాను. వంగి, నూనె మీద తడుతూ పోయాను.

"ఏమప్పా, పెళ్ళిలో అక్షింతలు ఏసినట్ట ఏస్తుండావే!" అన్నాడు ఓబలప్ప.

నూనె తెల్లగా, పొడిగా అయింది. తట్టలో అయినట్టే. ఆరో మలుపు శుభ్రం అని వాకీటాకీలో చెప్పాను. సరే పెద్దాయనా అన్నాడు గిరీశ్. వచ్చి చూడలేదు.

వాన మళ్ళీ మొదలైంది. సన్నగా మొదలై జోరందుకుంది. అప్పుడు వచ్చింది ఇరవై ఏడో నంబరు.

పాత కారు. పసుపు రంగు అక్కడక్కడా లేచిపోయి ఉంది. మొదటి చుట్టు మెల్లగా పోయింది. రెండో చుట్టు చూశాను. ఆ పిల్ల అందరి దారినా పోలేదు. రబ్బరు అంటని బయటి అంచుకు పోయి, వెడల్పుగా తిరిగి, అక్కడి గరుకు రోడ్డు పట్టుకుని లోపలికొచ్చింది. కారు కూడా లొంగింది. స్ప్రింగులు గట్టిగా బిగించిన కారు వానలో ఎగిరెగిరి పడుతుంది. ఇది మెత్తగా వంగి, నాలుగు చక్రాలూ నేలకు ఆనించి పోయింది. అట్లా మెత్తబరిచిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు. ఆ తెలియడం నాకు నచ్చలేదు.

మూడో చుట్టులో వాకీటాకీలో గిరీశ్ గొంతు మారింది. "ఇరవై ఏడు చూడండప్పా. సగం చుట్టుకు అందరి కంటే ముందుంది. ఆ డొక్కు బండి!"

అప్పుడు రోడ్డు వైపు చూశాను. సున్నం నేను వేసిన చోట లేదు. తట్ట మీద వాన పడదు. రోడ్డు మీద పడింది. సున్నం, నూనె కలిసి తెల్లటి జావ అయ్యాయి. రోడ్డు వాలుకు ఆ జావ బయటి అంచుకు జారింది. ఎర్ర కార్లు, నీలం కార్లు పోయే దారి బాగానే ఉంది. ఆ పిల్ల ఒక్కతే పోయే దారికి అడ్డంగా పరుచుకుంది.

చారల జెండా అందుకున్నాను. తడిసి కర్రకు చుట్టుకుని ఉంది. విప్పేలోపు కారు వచ్చింది.

చప్పుడు కూడా లేదు. పట్టుగుడ్డ మీద గాజు జారినట్టు జారి, అడ్డంగా పోయి, టైర్ల గోడకు ముక్కు గుద్దుకుని ఆగింది.

ఎర్ర జెండా వేశారు. అన్ని కార్లూ ఆగాయి. ప్రాక్టీసుకు ఇంకాస్త టైమ్ మిగిలే ఉన్నా ఇక వదిలేదు లేదన్నారు. ఇరవై ఏడుకు మిగిలింది దారి చూసుకుంటూ పోయిన ఆ మొదటి రెండు చుట్లే. పన్నెండో చోటు. అంటే లారీ ఎక్కాలి.

చైత్ర తనే దిగింది. దెబ్బ లేదు. హెల్మెట్ తీసి రోడ్డు మీద కాలితో రాసి చూసింది.

"ఏముండాది మామా ఈడ? మజ్జిగ మాదిరి ఉండాదే!"

నేను మాట్లాడేలోపు శశి పరుగెత్తుకొచ్చాడు. రెండేళ్ళ తరవాత అంత దగ్గరగా చూశాను. తల ముందు వైపు పలచబడింది. వాళ్ళమ్మ వైపు వాళ్ళందరికీ అంతే. వాడు ముందు కారు చూశాడు, తరవాత పిల్లను చూశాడు, తరవాత వంగి ఆ తెల్లటి జావను వేళ్ళతో రాసి వాసన చూశాడు. ఆగిపోయాడు. తల ఎత్తి నా భుజం మీద తువ్వాలు చూశాడు. అది సున్నంతో తెల్లగా ఉంది.

పురుగుల ఇంట్లో పుట్టినవాడికి ఆ వాసన చెప్పనక్కరలేదు.

"ఏమి శశన్నా?" అంది చైత్ర.

"ఏం లేదు. నీళ్ళు నిలిచినాయి. జారింది." లేచి, మా గుడిసె పక్కన బక్కెట్టు తీసుకుని, ఆ చోట గుమ్మరించాడు. మళ్ళీ ముంచి మళ్ళీ గుమ్మరించాడు. చీపురుతో పక్కకు తోశాడు. చైత్ర కారు వైపు పోయాక నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"పురుగులకి చల్లినట్ట చల్లినావా నాయనా?"

నేను తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాను.

"నేను చెప్పను లే. నువ్వూ సుమ్నే ఉండు. తెలిస్తే నిన్ను పనిలో పెట్టుకోరు."

కారును ఎత్తి బండి మీద పెట్టుకుని పోయారు. వాడు వెనక వేలాడుతూ పోయాడు. తిరిగి చూడలేదు.

"ఎంత మంచి పిల్లోడప్పా!" అన్నాడు ఓబలప్ప. "వాళ్ళ చోటు పాయె, అయినా తండ్రిని కాపాడుకున్నాడు. నీకు ఇంగేం కావాల?"

వానలో అట్లాగే నిలబడ్డాను. ఒళ్ళు మండుతోంది. రెండేళ్ళు నేను ఇవ్వనిది వాడు నాకు ఒక్క మాటలో ఇచ్చేసి పోయాడు. నేను అడిగానా? సమాధి దగ్గర వాడు చెయ్యి చాస్తే నేను ఇవ్వలేదు. నేను చెయ్యి చాచకుండానే వాడు పెట్టాడు. ఇక ఈ ఊళ్ళో, ఈ రోడ్ల మీద వాడు ఎదురైన ప్రతిసారీ నేనే తల దించుకోవాలి. దాని కంటే పని పోవడం మేలు.

జెండాలు ఓబలప్ప చేతిలో పెట్టాను.

"యాడికి?"

"పైకి. చెప్పేకి."

"పిచ్చి పట్టిందా నీకు? కొడుకే చెప్పనన్నాక నీకేం నొప్పి?"

"అదే నొప్పి."

కంట్రోల్ గది రెండో అంతస్తు. కింద కాళ్ళు తుడుచుకోమన్నారు, తుడుచుకున్నాను. గిరీశ్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు తెరల ముందు కూర్చుని ఉన్నారు.

"ఆరో మలుపులో కారు జారింది నీళ్ళకు కాదు," అన్నాను. "నూనె మీద నేను సున్నం వేసినాను. వానకు అది కరిగి రోడ్డెక్కింది."

గిరీశ్ కుర్చీ తిప్పాడు. "సున్నమా? సున్నం ఎందుకు వేశారు పెద్దాయనా? డ్రమ్ములో పొడి లేదా?"

"గడ్డ కట్టింది."

"ఎట్లా గడ్డ కడుతుంది? మూత ఉంటుంది కదా?"

"ఓబలప్ప మూత తీసి మళ్ళీ పెట్టలేదు."

ఆ ముక్క చెప్పకుండా ఉండొచ్చు. కానీ నా తప్పు నాది, వాడి తప్పు వాడిది.

"గడ్డ కట్టిందని నాకు చెప్పాలి కదా. శుభ్రం అని ఎట్లా చెప్పారు?"

"శుభ్రంగానే కనిపించింది."

వాళ్ళు ముగ్గురూ కన్నడంలో మాట్లాడుకున్నారు. నాకు అంతా అర్థమైంది. తప్పు ట్రాక్ వాళ్ళది కాబట్టి మలుపు కడిగించాలి, మిగిలిన కొద్ది టైమూ అన్ని కార్లకూ మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వకపోతే పురుషోత్తమ్ గొడవ చేస్తాడు, చేస్తే వాడిదే న్యాయం.

గిరీశ్ చివరికి నా వైపు చూశాడు. కోపం లేదు. అర్థం కానట్టు చూశాడు.

"ఎవరూ అడగలేదే. ఎందుకు వచ్చి చెప్తున్నారు?"

"అడగలేదనే."

వాకీటాకీ, జెండాల వాళ్ళకిచ్చే ఎర్ర వానకోటు బల్ల మీద పెట్టి పొమ్మన్నాడు. పెట్టాను. కింద చొక్కా పొడిగా ఉంది. బయటికి రాగానే అదీ తడిసింది.

గేటుకు పోవాలంటే కార్ల షెడ్ల ముందు నుంచే పోవాలి. కేజీఎఫ్ వాళ్ళ షెడ్డులో కారు ముక్కు ఊడదీసి నేల మీద పెట్టారు. పురుషోత్తమ్ పైపు పట్టుకుని ఉన్నాడు. శశి పడుకుని కింద ఏదో కడుతున్నాడు, కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. స్పీకరులో కబురు అప్పటికే చెప్పినట్టుంది, అందరూ పరుగుల మీద ఉన్నారు. "తీగ తేరా, తీగ! టేపుతో నిలవదు!" అని వాడి గొంతు కారు కింద నుంచి వచ్చింది. నేను ఆగలేదు. ఆగమని ఎవరూ అనలేదు.

గేటు బయట రోడ్డు పక్క బస్సు ఆగే చోటు. మూడు రేకులు, ఒక బెంచీ. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన పిల్లలు ఇద్దరు కూర్చుని ఫోను చూస్తున్నారు. మన భాష కాదు. వాళ్ళకు నేను అక్కరలేదు.

కార్లు మళ్ళీ మొదలయ్యాయి. గోడ అవతల రొద. రెండేళ్ళు ఆ రొద వింటూ నిలబడ్డాను కదా, ఇరవై ఏడు ఏదో పట్టుకోవాలని చూశాను. పట్టలేకపోయాను. కంటికి తెలిసిన కారు చెవికి తెలియలేదు. ఆరో మలుపు దగ్గర ప్రతి కారు గొంతూ తగ్గి, మళ్ళీ లేచింది. ఏదో ఒకటి తగ్గి లేవకపోతే అప్పుడు తెలుస్తుంది అనుకుని విన్నాను. అన్నీ లేచాయి. తరవాత ఒకటొకటిగా అన్నీ ఆగాయి.

అప్పుడు వాన చప్పుడు పెద్దదైంది. ఇంటికి పోయి ఏం చెయ్యాలి? పొయ్యి వెలిగించి రాగి ముద్ద కెలుక్కోవాలి. రేపు పొద్దున లేచి ఏం చెయ్యాలి? అది తెలియలేదు.

బస్సు వచ్చి ఆగింది. ఆ ఫ్యాక్టరీ పిల్లలు ఎక్కారు. నేను కమ్మీ పట్టుకున్నాను. వెనక నుంచి "నాయనా!" అని వినబడింది.

శశి. తల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పరుగెత్తి రొప్పుతున్నాడు.

"ఎనిమిదో చోటు. ముక్కు తీగతో కట్టి పంపిస్తిమి, అయినా ఎనిమిది. రేపు ఉండాము."

"ఊఁ."

"మొదటిది రావాల్సిండె."

"వచ్చుండేది."

వాడు ముఖం మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు పోయి చెప్పింది మా కోసరం కాదు. నాకు తెలుసు నాయనా."

"తెలిస్తే సరి."

"సుమ్నే ఉండమంటిని కదా. నా మాట వినగూడదని పోయినావు."

ఉన్నమాటే.

"ఎక్కుతావా లేదా తాతా?" కండక్టరు అరిచాడు. "మాట్లాడేది శానా ఉంటే ఆటో చేసుకో పో!"

ఒక కాలు మెట్టు మీద పెట్టాను. శశి బస్సు రేకు మీద చెయ్యి ఆనించాడు, బస్సును ఆపగలిగినట్టు.

"రేపు వస్తావా? చూసేకి."

"నన్ను రానియ్యరు ఇంగ."

"నేను పాసు ఇప్పిస్తాను. మా వాళ్ళ లెక్కలో లోపలికి రావచ్చు."

మా వాళ్ళు అంటే వాడికి ఇప్పుడు పురుషోత్తమ్, చైత్ర, ఆ డొక్కు కారు. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. అన్నం తిన్నావా అని అడగడానికి నోరు తెరిచాను. వాడి మొహం చూస్తే తిననట్టే ఉంది.

గేటు లోపల నుంచి ఎవరో కేక వేశారు. "శశీ! గేర్‌బాక్సులో నీళ్ళు పోయినట్టుండాది, రారా బేగ!"

వాడు రేకు మీద చెయ్యి తీసేశాడు. "రేపు నాయనా!" అంటూ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. బురదలో ఒకసారి జారి, చెయ్యి ఆనించి లేచి, మళ్ళీ పరుగెత్తాడు.

బస్సు ఇంకా కదలనే లేదు. నేను ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. అది కదిలేదాకా గేటు వైపు చూశాను. అక్కడ ఎవరూ లేరు.